చేంజ్‌లాగ్‌ను ఎన్నాళ్లు ఉంచాలి?

నగరంలో రెండు మూడు చోట్ల శాఖలున్న విద్యాసంస్థలో విద్యార్థుల లాగిన్లు, సిబ్బంది మెయిళ్లు, వైఫై అన్నీ ఇప్పుడు ఒకే డైరెక్టరీ (ఖాతాలు, పాస్‌వర్డ్‌ల వంటి వివరాలు ఉండే డేటాబేస్) మీద ఆధారపడి నడుస్తాయి. గచ్చిబౌలిలో మార్చుకున్న పాస్‌వర్డ్ ఉప్పల్ ల్యాబ్‌లో కొద్ది క్షణాల్లోనే పనిచేయాలి. దారిలో ఎక్కడో రోడ్డు తవ్వుతుండగా ఫైబర్ తెగితే, రెండు చోట్లా పని ఆగకుండా సాగి, లైను తిరిగి రాగానే రెండు సర్వర్లూ ఒక్కటి కావాలి. ఈ రెండు అవసరాలనూ తీర్చేది చేంజ్‌లాగ్, అంటే డైరెక్టరీలో జరిగిన మార్పులను సర్వర్ వరుసగా రాసుకునే లాగ్. చాలామంది నిర్వాహకులు దానిని డిస్కు నిండినప్పుడల్లా కత్తిరించవలసిన ఫైలుగానే చూస్తారు. ఎంత పాత సర్వర్‌ను మళ్లీ బృందంలోకి రానివ్వగలమో నిర్ణయించేది ఆ లాగే కాబట్టి, దాని మీద మరికొంత శ్రద్ధ అవసరమని నా అభిప్రాయం. నేను రోజూ వాడేది 389 డైరెక్టరీ సర్వర్ అనే సాఫ్ట్‌వేర్ కనుక, ప్రత్యేకంగా చెప్పని చోట వివరాలన్నీ దానివే.

పాత పద్ధతిలో లెక్కలు రాసే దుకాణాల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుంటాయి. జరిగిన ప్రతి లావాదేవీ వరుసగా చిట్టాలోకి ఎక్కుతుంది. ఎవరి పద్దు ఎంతో ఆవర్జా చెబుతుంది. డైరెక్టరీ డేటాబేస్ ఆవర్జా అయితే, చేంజ్‌లాగ్ చిట్టా. తేడా ఏమిటంటే ఇక్కడ చిట్టాను శాశ్వతంగా దాచరు, అది ఆడిట్ కోసం రాసేదీ కాదు. ఇతర సర్వర్లకు అందవలసిన మార్పులు అందేవరకు, మనం నిర్ణయించిన గడువు తీరేవరకు మాత్రమే అది ఉంటుంది.

లాగ్‌లోని ప్రతి మార్పుకూ సీఎస్ఎన్ (చేంజ్ సీక్వెన్స్ నంబర్) అనే ఇరవై అంకెల సంఖ్య ఉంటుంది. ఉదాహరణకు 65920080000000030000 తీసుకుందాం. ఇది హెక్సాడెసిమల్ సంఖ్య, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా రాసేది. మొదటి ఎనిమిది అంకెలు, అంటే 65920080, 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. మామూలు లెక్కలో 1,70,40,67,200. అది గ్రీనిచ్ కాలమానం ప్రకారం 2024 జనవరి 1 అర్ధరాత్రి, మన హైదరాబాద్ గడియారంలో ఆ రోజు ఉదయం 5:30. తర్వాతి నాలుగు అంకెలు ఆ ఒక్క సెకనులో జరిగిన మార్పుల వరుస. ఆపై వచ్చే 0003 మార్పు ఏ సర్వర్‌లో పుట్టిందో చెబుతుంది. చివరి నాలుగు ఒకే మార్పులోని ఉపభాగాల కోసం. రాసే అధికారమున్న ప్రతి సర్వర్‌కూ 1 నుంచి 65534 లోపు వేరువేరు సంఖ్య ఇవ్వాలని పట్టుబట్టడానికి కారణం ఇదే: ఆ సంఖ్య రెండు చోట్ల ఒకటైతే రెండు వేరువేరు మార్పులకు ఒకే సీఎస్ఎన్ పడే ప్రమాదం ఉంది. కాలం ముందు వస్తుంది కనుక సర్వర్ల గడియారాలు సరిగ్గా ఉండాలి. అవతలి సర్వర్ సమయం ముందుంటే ఇవతలిది తన సీఎస్ఎన్ కాలాన్ని ముందుకు జరుపుకుంటుందే తప్ప వెనక్కి మాత్రం జరగదు.

రెప్లికేషన్ (ఒక సర్వర్‌లోని మార్పులను మరో సర్వర్‌కు చేరవేయడం) సెషన్ మొదలైనప్పుడు మార్పులను పంపే సర్వర్ ముందుగా అవతలి సర్వర్ వద్దనున్న ఆర్‌యూవీ పట్టికను అడుగుతుంది. ఫలానా సర్వర్‌లో పుట్టిన మార్పుల్లో ఫలానా సీఎస్ఎన్ వరకు నాకు అందాయి అని ఆ పట్టిక చెబుతుంది. పంపే సర్వర్ దానిని తన పట్టికతో పోల్చి, లాగ్‌లో ఆ చోటు వెతికి పట్టుకుని, అక్కడి నుంచి వరుసగా పంపుతుంది. తాను నిన్న ఏమి పంపిందన్న జ్ఞాపకం మీద అది ఆధారపడదు. అందుకున్నవారి మాటే ప్రమాణం. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది. సెషన్ మధ్యలో లైను తెగినా నష్టం లేదు. ఉప్పల్‌లో పుట్టిన మార్పు నేరుగా రాలేక సికింద్రాబాద్ సర్వర్ ద్వారా గచ్చిబౌలి చేరినా, దాని సీఎస్ఎన్ మారదు కనుక రెండోసారి వచ్చినప్పుడు అది పాతదేనని వెంటనే తెలిసిపోతుంది.

ఒకే ఫోన్ నంబరును రెండు చోట్ల రెండు విధాలుగా మార్చితే, ఏది ముందు చేరిందన్నదానితో సంబంధం లేకుండా పెద్ద సీఎస్ఎన్ ఉన్న మార్పు నిలుస్తుంది. ఒకే పేరుతో రెండు చోట్ల కొత్త ఖాతాలు తెరిస్తే మాత్రం ముందు పుట్టిన దానికే ఆ పేరు దక్కుతుంది. రెండోది కాన్‌ఫ్లిక్ట్ ఎంట్రీగా, అంటే పేరు తగాదా పడిన నమోదుగా పక్కకు చేరుతుంది, దానిని మనిషే చూసి సరిచేయాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. దసరా సెలవులకు ఒక శాఖలో ల్యాబ్ మెయిన్ స్విచ్ ఆపి వెళ్లారనుకుందాం. సెలవులు వారం దాటినా, రెప్లికేషన్ ఒప్పందం (ఏ సర్వర్‌కు మార్పులు పంపాలో చెప్పే అమరిక) అలాగే ఉన్నంతవరకు ఆ సర్వర్‌కు అందని మార్పులను లాగ్ కత్తిరించదు, దాచి ఉంచుతుంది. తిరిగి స్విచ్ వేసినప్పుడు ఆ సర్వర్ డిస్కు పాడై, నెలన్నర నాటి బ్యాకప్ నుంచి దానిని నిలబెట్టవలసి వస్తేనే అసలు చిక్కు. అప్పుడు దాని ఆర్‌యూవీ కూడా నెలన్నర వెనక్కి వెళ్తుంది. అప్పటి మార్పులు ఒకసారి అందాయన్న ధీమాతో మిగతా సర్వర్లు వాటిని ఏనాడో తీసేసి ఉంటాయి. వెతికిన సీఎస్ఎన్ లాగ్‌లో దొరకదు, రెప్లికేషన్ ఆగిపోతుంది, మొత్తం డేటాను మొదటి నుంచి పంపడం తప్ప దారి ఉండదు. తొలగించిన ఎంట్రీలను టూమ్‌స్టోన్లుగా దాచే గడువు మామూలుగా 6,04,800 సెకన్లు, అంటే ఏడు రోజులు. లాగ్ గడువును పెంచి దీనిని పెంచకపోతే పని సగమే అయినట్లు.

లాగ్ లేకుండానే నడిచే పద్ధతులూ ఉన్నాయి. ఓపెన్‌ఎల్‌డాప్ అనే మరో డైరెక్టరీ సాఫ్ట్‌వేర్‌లో, 2006లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 4533 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆధారంగా పనిచేసే సింక్‌రెప్ల్ పద్ధతి, ఒక్క యాట్రిబ్యూట్ (ఫోన్ నంబరు వంటి వివరం) మారినా మొత్తం ఎంట్రీని పంపుతుంది. ఒక్కోటి ఒక కిలోబైట్ ఉన్న లక్ష ఖాతాల్లో రెండేసి అక్షరాలు మార్చితే సుమారు 100 మెగాబైట్లు ప్రయాణిస్తాయి. అందుకే అక్కడ కూడా డెల్టా సింక్‌రెప్ల్ పేరుతో మార్పుల లాగ్ తిరిగి వచ్చింది.

మా దగ్గర లాగ్ గడువు నెల రోజులు, టూమ్‌స్టోన్ గడువు దానికంటే కొంచెం ఎక్కువ. అంతకంటే పాత బ్యాకప్‌తో ఏ ఒక్క సర్వర్‌నూ నిలబెట్టము. డిస్కు ఖర్చు పెద్దగా లేదు. లాగ్ అదుపు తప్పి పెరిగిన సందర్భాల్లో నేను ముందుగా చూసేది, ఎప్పుడో పక్కన పెట్టిన సర్వర్ పేరు ఇంకా ఒప్పందాల్లో, ఆర్‌యూవీలో మిగిలి ఉందా అన్నది. అది ఎన్నటికీ రాని సర్వర్ కోసం మార్పులను పట్టి ఉంచుతుంది. ముందు ఒప్పందాలు తీసేసి, తర్వాత మిగిలిన సర్వర్లలో ఒకదానిపై, ఆ పాత సర్వర్ సంఖ్యను ఆర్‌యూవీల నుంచి తుడిచే క్లీన్‌ఆల్ఆర్‌యూవీ పని మొదలుపెడితే మిగతా సర్వర్లకు అదే చేరుతుంది. అది పూర్తయిందని నిర్ధారించుకునేవరకు ఆ పాత సంఖ్యను కొత్త సర్వర్‌కు ఇవ్వకూడదు.