ఊరందరికీ చెప్పమన్నానా?

ఒడిశాలోని గోపాల్‌పూర్ పక్క ఊళ్లో మాకు వరసకి మామ్మ అయ్యే ఒక పెద్దామె ఉంది. ఆవిడ పుట్టింది రంగంలో. బర్మాలోని రంగూన్‌ని మా గంజాం, శ్రీకాకుళం వైపు పాతవాళ్లు ఇప్పటికీ రంగం అనే అంటారు. 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కింది, తర్వాత దుకాణాలు ప్రభుత్వం తీసేసుకుంది, 1964 మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవని చెప్పేసింది, ఇక బతకలేక ఓడలెక్కి వచ్చేసిన మనదేశపు కుటుంబాల్లో వీళ్లదీ ఒకటి. ఆ కథ తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారన్న టెన్షన్‌తో రెండేళ్ల కిందట ఫోన్ పట్టుకుని వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. రెండు మధ్యాహ్నాలు చెప్పింది. ఓడ ఎక్కే ముందు అమ్మ ఒంటిమీద బంగారం తీయించేసిన సంగతి, ఓడలో వాంతులు, ఇక్కడికొచ్చాక ఎవరింటి అరుగు మీద పడుకున్నారో, అన్నీ. మధ్యలో ఇంకోటి కూడా చెప్పింది: నాన్నకి అక్కడ ఒక బర్మా భార్య ఉండేదని, ఆవిడా ఇద్దరు పిల్లలూ రేవులో నిలబడి చూస్తూ ఉండిపోయారని.

విన్న నాకే గొంతు పట్టేసింది. ఇంటికొచ్చి ఆ మూడు నిమిషాలూ కత్తిరించి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మంచిపనే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఫోన్. "నీకు సెప్పినాను బాబూ, ఊరందరికీ సెప్పమన్నానేటి?"

ఓడ ఎక్కేనాటికి ఆవిడ చెల్లెలు చంటిపిల్ల. నాన్నగారి ఆ రెండో సంసారం గురించి ఆ చెల్లెలికి ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు. ముక్క తీసేశాను గానీ అప్పటికే ఎన్ని ఫోన్లలోకి వెళ్లిందో.

రికార్డు చేస్తానని అడిగాను, సరే అంది, నిజమే. కానీ ఆ సరే అన్నది నాకు చెప్పడానికి. దాచుకోవడానికి వేరే అడగాలి, పదిమందికి వినిపించడానికి మళ్లీ వేరే అడగాలి. అది కూడా మాట మొదలెట్టకముందు అడిగితే చాలదు, ఏం చెప్పబోతున్నారో అప్పటికి వాళ్లకే తెలియదు కదా. చెప్పాక, చెప్పింది మళ్లీ విన్నాక అడగాలి.

అనుమతి పత్రం రాయించుకోమని అందరూ చెప్తారు, మంచిదే. కానీ మా వైపు ఆ పత్రం ఏ లిపిలో రాయాలి? మామ్మ తెలుగే మాట్లాడుతుంది, చదవలేదు. కొడుకు ఒడియా బడిలో చదివాడు, ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అక్షరం రాదు. కోడలిది ఇచ్ఛాపురం, ఆమెకి తెలుగు వచ్చు, ఒడియా కూడబలుక్కుంటుంది. అందుకే ఇప్పుడు నేను మొదట నోటితోనే చెప్పి, ఈ రికార్డుతో నేనేం చేస్తానో మీ మాటల్లో నాకు తిరిగి చెప్పండి అంటాను. అది రికార్డు మొదట్లోనే ఉంటుంది. వేలిముద్ర కంటే అది నయం.

ఇంకో సంగతి, మనం నిలబెట్టలేని మాట ఇవ్వకూడదు. అమెరికాలో బోస్టన్ కాలేజీ వాళ్లు 2001 నుంచి ఉత్తర ఐర్లండ్ సాయుధ గ్రూపుల్లో పనిచేసిన వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేశారు, మీరు బతికుండగా ఇవి బయటికి రావని చెప్పి. 2011లో ఉత్తర ఐర్లండ్ పోలీసుల కోసం అమెరికా ప్రభుత్వమే కోర్టు ద్వారా ఆ టేపులు అడిగింది, కొన్ని ఇవ్వాల్సి వచ్చింది. మన దగ్గర పర్లాకిమిడి, గుణుపురం కొండల్లో 1960ల చివరి నక్సలైటు గొడవల గురించి మాట్లాడే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. ఎవరు ఎవరికి అన్నం పెట్టారో, ఎవరు ఎవరిని పట్టిచ్చారో పేర్లతో సహా చెప్పేస్తారు. ఆ పేర్లవాళ్లని మనం అడగలేదు. పేరు వచ్చిన చోట ఆపి, ఇది ఉంచమంటారా అని అడగడం నాకు ఇప్పుడు అలవాటైంది. రహస్యంగా ఉంచుతాను, కానీ కోర్టు అడిగితే నా చేతుల్లో ఉండదు అని కూడా చెప్తాను. కొందరు అక్కడితో ఆపేస్తారు. ఆపేయనీ.

రాతలోకి ఎక్కించేటప్పుడు చేసే తప్పు వేరే. మామ్మ "నానొచ్చినాను" అంటే "నేను వచ్చాను" అని దిద్దేయడం, మధ్యలో వచ్చే ఒడియా ముక్కలు పీకేయడం. వాడుకభాష కోసం పోరాడి, కొండల్లో ఉండే సవరల మాటలు సవరల నోటినుంచే విని రాసుకున్న గిడుగు రామమూర్తి గారు ఏళ్ల తరబడి ఉన్న పర్లాకిమిడి మాకు ఇంత దగ్గర, మనమే ఆ పని చేస్తే ఎలా?

కాపీలు మూడు పెట్టుకోండి, ఒకటి ఊరు బయట. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చి తాకింది గోపాల్‌పూర్ దగ్గరే, ఇక్కడివాళ్లకి అంతకంటే చెప్పక్కర్లేదు. ఒక కాపీ చెప్పినవాళ్ల ఇంట్లోనే ఉండాలి.

ఆ ఫోన్ తర్వాత మూడు రోజులు వెళ్లి మామ్మకి మొత్తం వినిపించాను. రేవు దగ్గరికి వచ్చేసరికి "ఈ కాడ ఆపు" అంది. చాలాసేపు ఆలోచించి, చెరిపేయొద్దు, చెల్లెలు బతికున్నంత కాలం ఎవరికీ వినిపించొద్దు అంది. ఆ సంగతంతా ఉన్న 11 నిమిషాలు విడిగా తీసి, ఆవిడ షరతు కూడా ఆవిడ గొంతుతోనే దాని ముందు పెట్టాను.

కిందటి వారం వెళ్తే ఇంకో సంగతి గుర్తొచ్చింది, ఆ ఫోను తియ్యకు అంది. తియ్యలేదు. దీపాలు పెట్టేదాకా కూర్చుని విన్నాను.