ఎర్ర తాళం ఎక్కడ? పాత బైక్ కొన్నప్పటి నా అనుభవం

మాది ఒంగోలు. ఇంటర్ చదివే రోజుల్లో నాన్న స్ప్లెండర్ తాళం మూడుసార్లు పోగొట్టాను. మూడుసార్లూ బస్టాండు దగ్గర గొడుగు కింద కూర్చునే తాళాలాయన బండి దగ్గరికే వచ్చి, ఓ ఖాళీ తాళాన్ని లోపల పెట్టి తిప్పి చూసి, ఆకురాయితో రెండు గీతలు గీసి, మళ్ళీ పెట్టి చూసి, పావుగంటలో కొత్తది చేతిలో పెట్టాడు. నాన్నకి తెలిసేలోపు పని అయిపోయేది. అందుకని బండి తాళం అంటే నా బుర్రలో ఎప్పుడూ ఒక ఇనప ముక్కే, పోతే ఇంకోటి చేయించుకుంటాం, అంతే. ఈ నమ్మకంతోనే పోయినేడాది ఇక్కడ ఇంగ్లండ్‌లో, కోవెంట్రీలో, సెకండ్ హ్యాండ్ బైక్ కొనడానికి బయల్దేరాను.

ఇక్కడి బైక్ లైసెన్స్ పరీక్షలు థియరీ, మాడ్యూల్ వన్, మాడ్యూల్ టూ అన్నీ పాసై ఫుల్ లైసెన్స్ తెచ్చుకున్న కథ వేరే, దానికి ఇంకో రోజు కావాలి. కొనాలనుకున్న బండి యమహా ఎఫ్‌జెడ్6 ఫేజర్. 2004లో వచ్చిన మోడల్, యమహా వాళ్ళ స్పోర్ట్స్ బైక్ ఆర్6 ఇంజిన్‌నే కాస్త నెమ్మది చేసి పెట్టారు, 600 సీసీ, సైలెన్సర్ సీటు కింద నుంచి వెనక్కి వస్తుంది. పాతదైపోయింది కాబట్టి నా బడ్జెట్‌లోకి దిగింది. బడ్జెట్ అంటే 1,500 పౌండ్లు, మా ఆవిడకి చెప్పిన లెక్క ప్రకారం.

మొదటిది బర్మింగ్‌హామ్‌లో చూశాను. 1,100 అడిగాడు, చూడగానే ఎగిరి గంతేసేంత చవక. స్టార్ట్ చేసి చూపించాడు, ఒక్క నొక్కుకి అందుకుంది. చైన్ బాగుంది, టైర్లు బాగున్నాయి. తాళం ఒక్కటే ఇచ్చాడు, నల్ల ప్లాస్టిక్ తలకాయది. "రెండోది?" అన్నాను. "పోయింది, పది పౌండ్లు పడేస్తే ఎక్కడైనా చేసిస్తారు" అన్నాడు. ఒంగోలు బస్టాండు గుర్తొచ్చింది, సరే అనేశాను. అడ్వాన్స్ ఇచ్చేముందు ఎందుకో మా వీధిలో ఉండే పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన ముప్పై ఏళ్ళు బైక్ మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యాడు, షెడ్డులో ఇప్పటికీ రెండు పాత బండ్లు విప్పి పెట్టుకుని కూర్చుంటాడు. ఇంజిన్ గురించి అడుగుతాడు అనుకున్నాను. ఆయన అడిగిన మొదటి మాట: "ఎర్ర తాళం ఉందా?"

ఎర్ర తాళమేంటో నాకు తెలీదు. అమ్మేవాడిని అడిగితే అతనికీ తెలీదు, లేదా తెలియనట్టు నటించాడు. "అటక మీద ఎక్కడో ఉండాలి, దొరికితే పోస్టులో పంపిస్తాలే" అన్నాడు. తెలియని వస్తువు అటక మీద ఎలా ఉంటుందో మరి! ఫోన్‌లో పెద్దాయన "డబ్బు జేబులో పెట్టుకుని రైలెక్కి వచ్చెయ్" అన్నాడు. వచ్చేశాను.

ఆ సాయంత్రం షెడ్డులో ఆయన టీ ఇచ్చి మొత్తం విడమరిచి చెప్పాడు. ఈ బండి తాళం తలకాయలో చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ ఉండదు. ఇగ్నిషన్ రంధ్రం చుట్టూ చేతి గాజులాగా ఒక తీగ చుట్ట ఉంటుంది, అది యాంటెన్నా. తాళం తిప్పగానే ఆ చుట్ట నుంచి వచ్చే శక్తితోనే చిప్ మేల్కొని తన కోడ్ చెబుతుంది. ఇమ్మొబిలైజర్, అంటే బండిని దొంగలు ఎత్తుకుపోకుండా కాపలా కాసే పరికరం, ఆ కోడ్ తన లెక్కలో ఉందో లేదో చూసుకుని ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్ ఈసీయూకి కబురు పంపుతుంది, అది ఒప్పుకుంటేనే ఇంజిన్ అంటుకుంటుంది. అంటే తాళం పళ్ళు వేరు, చిప్ వేరు. పది పౌండ్లకి కోయించిన ఉత్త ఇనప తాళంతో హ్యాండిల్ లాక్ తీయొచ్చు, పెట్రోల్ ట్యాంకు మూత తీయొచ్చు, సీటు లేపొచ్చు, మీటర్ లైట్లు కూడా వెలుగుతాయి. బండి మాత్రం స్టార్ట్ అవదు.

కొత్తగా కొన్నప్పుడు యమహా వాళ్ళు మూడు తాళాలు ఇచ్చేవాళ్ళు: రెండు నల్లవి, ఒకటి ఎర్రది. నల్లవి రోజూ వాడుకోవడానికి. ఎర్రది దాచుకోవడానికి, ఎందుకంటే కొత్త నల్ల తాళాన్ని బండికి పరిచయం చేయగలిగేది అదొక్కటే. అది పోతే ఉన్న నల్ల తాళాలతో బండి నడుస్తూనే ఉంటుంది, అందుకే చాలామంది అది పోయిన సంగతే పట్టించుకోరు. కానీ ఇక కొత్త తాళం రిజిస్టర్ చేయడం కుదరదు. నల్లవి కూడా పోయాయంటే ఇమ్మొబిలైజర్ సిస్టం మొత్తం మార్చాలి, కంపెనీ మాన్యువల్‌లోనే హెచ్చరికగా ఉంటుంది ఈ మాట. మర్నాడు ఉండబట్టలేక ఒక డీలర్‌కి ఫోన్ చేసి ఎంతవుతుందని అడిగితే ఆయన చెప్పిన అంకె ఆ బర్మింగ్‌హామ్ బండి ధరలో సగం దాటింది. పనిచేసే నల్ల తాళం ఒకటి ఉంటే దాని చిప్‌ని కాపీ కొట్టి ఇచ్చే లాక్‌స్మిత్‌లు ఉన్నారు, నిజమే, కానీ అది కూడా చిప్ రకాన్ని బట్టి ఉంటుంది, ఆ ఒక్కటీ పోగొట్టుకోకముందే చేయించుకోవాలి. నా సంగతి నాకు తెలుసు కదా.

నాన్నకి ఫోన్‌లో ఇదంతా చెబితే "తాళం కోసం ఇంత టెన్షన్ ఏంట్రా, ఇక్కడ నా బండికి చెంచా పెట్టి తిప్పినా స్టార్ట్ అవుతుంది" అన్నాడు. మా నాన్న బండి నిజంగానే అలాంటిది.

రెండోది హోండా. హోండా వాళ్ళ పద్ధతికి హిస్ అని పేరు, అందులో ఎర్ర తాళం గోల లేదు, పనిచేసే తాళం ఒక్కటి చేతిలో ఉంటే దాంతోనే కొత్తవి రిజిస్టర్ చేయొచ్చు, మొత్తం నాలుగు దాకా. ఒక్కటీ లేకపోతే మాత్రం అక్కడా కథ ఖరీదే. ఈ బండికి రెండు తాళాలూ ఉన్నాయి, సంతోషించాను. కానీ కంపెనీది కాకుండా ఎప్పుడో బయట బిగించుకున్న అలారం ఒకటి ఉంది, ఇమ్మొబిలైజర్‌తో కలిపి వచ్చే రకం, దాని రిమోట్ లేదు. "అది ఎప్పుడో చచ్చిపోయిందిలే" అన్నాడు అమ్మేవాడు. చచ్చిపోయిన అలారం ఏ అర్ధరాత్రో లేచి కూర్చుంటే సీటు కింద వైర్లు కోసుకుంటూ కూర్చునేది నేను. వద్దనుకున్నాను.

మూడోది లెస్టర్‌లో. 2006 ఎఫ్‌జెడ్6, నీలం రంగు, 1,650 చెప్పాడు. నేను వెళ్ళేసరికి అతను బండిని గ్యారేజీలోంచి బయటికి తోస్తున్నాడు, ఇగ్నిషన్‌లో వేలాడుతున్న గుత్తిలో ఇంటి తాళాలు, సైకిల్ తాళం, మధ్యలో ఎర్రగా ఒకటి. ఎర్ర తాళమే! నల్లది ఒకటి పోతే, ఇంకోటి ఎక్కడుందో వెతకడం బద్ధకమేసి, రెండేళ్ళుగా దాచుకోవాల్సిన ఎర్ర తాళంతోనే బండి నడుపుతున్నాడు. బీరువా తాళం కుక్క మెడలో కట్టినట్టుంది. ఇలా నడిపేవాళ్ళు చాలామందే ఉంటారని తర్వాత పెద్దాయన చెప్పాడు.

"నల్లది ఇంకోటి ఉండాలే" అంటే పది నిమిషాలు వంటింటి డ్రాయర్లన్నీ గాలించి తెచ్చాడు. ఇక్కడ నేను కాస్త చాదస్తంగానే ప్రవర్తించాను, కానీ తప్పులేదు అనుకుంటున్నాను. ఎర్ర తాళాన్ని గుత్తిలోంచి విడదీయించాను. నల్లదాన్ని జేబులో కాదు, దూరంగా గోడ మీద పెట్టించి, ఎర్రదాంతో స్టార్ట్ చేయించాను. ఆపి, ఎర్రదాన్ని గోడ మీద పెట్టి, నల్లదాంతో స్టార్ట్ చేయించాను. రెండుసార్లూ అందుకుంది. రంగు చూసి మోసపోకూడదు, వేరే బండిది ఎర్ర తాళం తెచ్చి గుత్తికి తగిలించినా చూడ్డానికి తేడా ఉండదు, ఇంజిన్ అంటుకుంటేనే అది ఈ బండిది. తర్వాత అదే తాళంతో ట్యాంకు మూత, సీటు తీసి చూశాను. ఈ మోడల్‌కి మూడింటికీ ఒకటే తాళం. ఎక్కడైనా తేడా వస్తే ఎవరో ఎప్పుడో లాక్ మార్చారని అర్థం, ఎందుకు మార్చారో అడగాలి. ఫ్రేం మీది నంబరూ వీ5సీ కాగితంలోది, అంటే ఇక్కడి ఆర్సీలోది, సరిపోల్చుకున్నాను, పాత ఎంఓటీలన్నీ, అంటే ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్షల ఫలితాలన్నీ, నంబరు ప్లేటు కొట్టి గవర్నమెంటు సైట్‌లో ముందే చూసుకున్నాను, అది ఫ్రీ. ఒక నల్ల తాళం తక్కువ ఉందని బేరమాడితే నూట యాభై తగ్గించాడు. సరిగ్గా 1,500. మా ఆవిడ లెక్క కూడా తప్పలేదు.

ఆ రాత్రి ఒంటిగంటకి నీళ్ళు తాగడానికి లేచి కిటికీలోంచి చూస్తే బండి మీటర్‌లో ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటోంది. గుండె జారిపోయింది. చెప్పులేసుకుని బయటికి పోయి దాని ముందు కాసేపు నిలబడ్డాను, చేసేదేం లేక మళ్ళీ వచ్చి పడుకున్నాను. తాళం ఆఫ్ చేసిన ముప్పై సెకన్లకి అలా కొట్టుకోవడం మొదలుపెట్టి ఇరవై నాలుగు గంటల దాకా కొట్టుకుంటుందట, ఇమ్మొబిలైజర్ కాపలా కాస్తోందని గుర్తు. తర్వాత లైటు ఆగిపోయినా కాపలా ఆగదు.

వారం తర్వాత చిప్ ఉన్న కొత్త ఖాళీ తాళం తెప్పించి, పళ్ళు కోయించి, పెద్దాయనని తోడు పెట్టుకుని రిజిస్టర్ చేయడానికి కూర్చున్నాను. పద్ధతి చూడ్డానికి తేలిక: ఎర్ర తాళం పెట్టి ఆన్ చేసి, ఆఫ్ చేసి, తీసేయాలి. ఐదు సెకన్లలోపు మొదటి నల్లది పెట్టి ఆన్ చేయాలి, లైటు గబగబా కొట్టుకుంటుంది. దాన్ని తీసి మళ్ళీ ఐదు సెకన్లలోపు రెండో నల్లది పెట్టి ఆన్ చేయాలి, లైటు ఆరిపోతే అయిపోయినట్టు. మెలిక ఏంటంటే, లైటు గబగబా కొట్టుకోవడం మొదలైన క్షణమే బండి పాత నల్ల తాళాలన్నిటినీ మర్చిపోతుంది. అందుకే పాతదీ కొత్తదీ రెండూ ఒకేసారి చేయాలి. పెద్దాయన ఇది రెండుసార్లు చెప్పాడు.

కొత్త తాళం పెట్టాను, లైటు కొట్టుకుంది. దాన్ని తీసేటప్పుడు వేళ్ళు వణికి కింద పడేశాను. తీసుకుని, పాతది వెతుక్కుని పెట్టేసరికి ఐదు సెకన్లు ఎప్పుడో అయిపోయాయి. పాత తాళంతో ఆన్ చేస్తే మీటర్‌లో మైళ్ళు కనిపించే చోట 52 అని వచ్చింది. పొద్దున వరకు బంగారంలా పనిచేసిన తాళం! నేను బేజారైపోయాను, పెద్దాయన మాత్రం ఆ కప్పు టీ పూర్తి చేసుకుని "ఎర్రది నీ దగ్గరే ఉంది కదా, మళ్ళీ మొదట్నుంచి చెయ్" అన్నాడు. ఈసారి మూడింటినీ సీటు మీద వరసగా పేర్చుకుని, తీసింది తీసినట్టు ఆయన చేతిలో పెడుతూ చేశాను. లైటు ఆరింది. రెండింటితోనూ విడివిడిగా స్టార్ట్ చేసి చూశాం. బర్మింగ్‌హామ్ బండి కొని ఉంటే ఈ పనే ఉండేది కాదు, చేయడానికి వీలుండదు కాబట్టి.

అంతా అయిపోయిందనుకున్నాక ఇంకో ముచ్చట. రెండు వారాల తర్వాత సూపర్ మార్కెట్ ముందు, చేతిలో పాలు, పెరుగు, వెన్నలా కరిగిపోతున్న ఐస్‌క్రీం. స్టార్ట్ చేస్తే అంటుకోలేదు. మళ్ళీ 52. ఎర్ర తాళం ఇంట్లో, పాస్‌పోర్టులున్న డబ్బాలో. చిప్ పాడైందా, రిజిస్టర్ చేసింది పోయిందా అని నానా రకాలుగా ఆలోచించుకుంటూ చేతిలో గుత్తి చూసుకున్నాను. ఆ రోజు పొద్దున మా కారు తాళం కూడా అదే రింగుకి తగిలించాను, రెండు గుత్తులు ఎందుకులే అని. కారు తాళంలోనూ చిప్ ఉంటుంది. ఇక్కడ 1998 అక్టోబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి, మాది 2012ది. యాంటెన్నా దగ్గర రెండు చిప్‌లు ఒకేసారి మాట్లాడితే బండికి ఎవరి మాటా అర్థం కాదు. లెస్టర్‌లో తాళాలు విడదీసి గోడ మీద పెట్టించింది ఇందుకే, అంత తెలిసినవాడిని నేనే ఇలా చేశాను. గోరు విరిగేలా రింగు లాగి కారు తాళం తీసి సంచిలో, పాల కింద పడేశాను. ఆన్ చేశాను. లైటు ఒక్క క్షణం వెలిగి ఆరింది, ఒక్క నొక్కుకి అందుకుంది.

ఇప్పుడు కారు తాళం ఎడమ జేబు, బండి తాళం కుడి జేబు.