పుట్టింటికీ అత్తింటికీ నడుమ: మాతృమరణ సమీక్షలో నా అనుభవం

తెల్లవారుజామున ఐదున్నరకి మా ఊరి ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. "మేడమ్, మొన్న కాన్పయి వచ్చిన పిల్ల పోయిందండీ. రాత్రి ఫిట్స్ వచ్చాయంట, దారిలోనే..." అంటూ ఏడ్చేసింది. ఏ పిల్లో నాకు వెంటనే తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఉంది, నా రిజిస్టర్లో ఆ అమ్మాయి పేరే లేదు. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో పన్నెండేళ్లుగా ఏఎన్ఎంగా, అంటే ఊళ్లో తిరిగే ఆరోగ్య నర్సుగా చేస్తున్నాను. నా ఊళ్లో ఒక బాలింత చనిపోయి, ఆమె ఎవరో నాకు తెలియకపోవడం అదే మొదటిసారి.

గర్భంతో ఉండగా గానీ, కాన్పయిన 42 రోజుల్లోపు గానీ తల్లి చనిపోతే 24 గంటల్లో పైకి తెలియజేయాలి. పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) వెళ్లి ఆ సమాచారం రాసే కార్డు నింపడానికి కూర్చున్నాం. ఇంతకీ ఇది ఏ ఊరి మరణం? అమ్మాయి అత్తిల్లు పక్క జిల్లా. పేరు నమోదు, ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డు), నెలనెలా చెకప్పులు, ఐరన్ బిళ్ళలు అన్నీ అక్కడే. తొలి కాన్పు కాబట్టి ఏడో నెల దాటాక పుట్టింటికి వచ్చింది. కాన్పు మూడోచోట, పట్నంలో ఒక ఆసుపత్రిలో. అత్తింటి ఊరి ఏఎన్ఎంకి ఫోన్ చేస్తే, "పుట్టింటికి వెళ్లిందని రాసుకున్నాం అక్కా" అంది. ఆమె రాసుకున్నది నిజమే. మా ఆశాకి కూడా ఆ అమ్మాయి వచ్చినట్టు తెలుసు. కానీ నమోదు అక్కడ ఉంది కదా అని నా దాకా తేలేదు. నేనూ ఏనాడూ అడగలేదు.

మూడు వారాల్లోగా ఇంటికి వెళ్లి వివరాలు రాసుకోవాలి. దాన్ని వెర్బల్ అటాప్సీ అంటారు. పెద్దకర్మ అయ్యేదాకా ఆగి, పద్నాలుగో రోజున మెడికల్ ఆఫీసర్, సూపర్‌వైజర్, నేను వెళ్లాం. నాకు కాళ్లు ఆడలేదు. అరుగు మీద చాప పరిచారు. డాక్టరుగారు ముందే చెప్పారు, "ఎవరి తప్పో తేల్చడానికి రాలేదమ్మా. ఇంకో తల్లికి ఇలా జరక్కూడదని అడుగుతున్నాం. చెప్పలేకపోతే ఆపేద్దాం" అని. ఈ సమీక్ష నియమం కూడా అదే, ఎవరినీ శిక్షించడానికి కాదు.

ఫారంలో గళ్లు చాలా ఉన్నాయి. ఎన్నిసార్లు చెకప్, రక్తం ఎంత, ఏ బండిలో తీసుకెళ్లారు, ఎన్ని గంటలకు బయల్దేరారు. వాటికి తండ్రి జవాబులు చెప్పాడు. గళ్లన్నీ అయ్యాక, జరిగింది జరిగినట్టు ఇంటివాళ్ల మాటల్లోనే రాసుకునే చోటు ఉంటుంది. అక్కడికొచ్చేసరికి అప్పటిదాకా గోడకానుకుని ఉన్న తల్లి నోరు విప్పింది.

"ఐదో రోజు నుంచీ తల పగిలిపోతుందమ్మా అంటానే ఉంది. బాలింతకి తలనొప్పి రాదా నర్సమ్మా? చెవుల్లో దూది తీసేసినందుకు చలిగాలి కొట్టిందని నేనే తిట్టా. వావిలాకు వేసి ఆవిరి పట్టా. కళ్లు మసగ్గా ఉన్నాయంటే, బిడ్డ నిద్ర పోనీట్లేదుగా అనుకున్నా. ఏడో రోజు రాత్రి..." ఆపేసి నా చేయి పట్టుకుంది. "నువ్వు చూసుంటే బతికేదా?"

నేనేం చెప్పను? ఆ చేయి వదలకుండా కూర్చున్నాను.

డిశ్చార్జి కాగితం అడిగితే ప్లాస్టిక్ కవర్లోంచి తీసిచ్చారు. బీపీ 150/100 అని ఉంది. ఐదు రోజులకు బీపీ బిళ్ళలు, వారానికి మళ్లీ రమ్మని సలహా, అంతా ఇంగ్లీషులో. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదివేవాళ్లు లేరు. బలానికి ఇచ్చిన బిళ్ళలనుకుని వేశారు, అయిపోయాక మానేశారు. కాన్పు తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు దాకా బీపీ మళ్లీ ఎగబాకే కాలమని ఆ సాయంత్రం డాక్టరుగారు నాకు విడమరిచి చెప్పారు. అప్పటికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి అమ్మాయిని ఇంటి దగ్గర దింపి వెళ్లిపోయింది. మూడో రోజున ఆశా వెళ్లింది, బిడ్డను తూచింది, జ్వరం చూసింది. ఆమె సంచిలో త్రాసు, థర్మామీటరు, గడియారం ఉంటాయి. బీపీ మిషన్ ఉండదు. అది ఉండేది నా దగ్గర. ఆ ఇంటికీ మా సబ్‌సెంటర్‌కీ మధ్య నడిచి వెళ్లేంత దూరమే.

తర్వాతది కలెక్టర్ దగ్గర సమీక్ష. చనిపోయిన మనిషి బంధువులు ఇద్దరిని కూడా పిలుస్తారు. భర్త, తల్లి వచ్చారు. మరణ కారణం దగ్గర 'ఎక్లాంప్సియా' అని చదివారు, అంటే బీపీ పెరిగి ఫిట్స్ రావడం. ఆలస్యం దేనివల్ల అన్నచోట 'కుటుంబం గుర్తించలేదు' అని ఉంది. ఆ తల్లి తలవంచుకుంది. నాకు భయమేసింది, అయినా లేచి నిలబడ్డాను. "సార్, వాళ్లు గుర్తించలేదు నిజమే. గుర్తించాలని వాళ్లకు ఎవరు చెప్పారు? రెండు ఊళ్ల రిజిస్టర్లలో ఏ ఒక్కదానిలోనూ ఆ వారం రోజులు ఈ అమ్మాయి లేదు" అన్నాను. గొంతు వణికింది. కలెక్టరుగారు ఆ మాట రాయించారు.

ఇక్కడ నా మనసులో మాట చెప్పాలి. 2005లో జననీ సురక్ష యోజన వచ్చినప్పటి నుంచి దేశం మొత్తం ఆసుపత్రి కాన్పుల మీదే పట్టు పట్టింది. 2011లో జననీ శిశు సురక్షతో ఉచితంగా కాన్పు, ఇంటికి ఉచితంగా బండి వచ్చాయి. 2016 నుంచి ప్రతి నెలా 9వ తారీఖున గర్భిణులకు డాక్టరు పరీక్షలు. 2017లో కాన్పు గదుల నాణ్యత కోసం 'లక్ష్య' కార్యక్రమం. వీటివల్ల ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో నా కళ్లతో చూశాను. 2004-06లో లక్ష సజీవ జననాలకు 254 మంది తల్లులు చనిపోతుండగా, 2018-20కి అది 97కి దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 45. కానీ ఈ శ్రద్ధంతా కాన్పు గది గుమ్మం దాకా గట్టిగా ఉండి, గుమ్మం దాటాక పలచబడిపోతోంది. ఇంటికొచ్చాక ఆశా వెళ్లే రోజులు ఎక్కువగా బిడ్డ కోసం లెక్క వేసినవి. జాతీయ స్థాయిలో తర్వాత దేనికి పెద్దపీట వేయాలని నన్నడిగితే, కాన్పయిన తొలి వారంలో తల్లికి బీపీ, రక్తస్రావం, జ్వరం చూడటానికి అంటాను. ఎంతమంది పోతున్నారో సర్వే చెబుతుంది. ఎందుకు పోతున్నారో ఆ అరుగు మీద రాసుకున్న కాగితమే చెబుతుంది. పై మీటింగుల్లో అంకెలతో పాటు ఆ కాగితాలు కూడా చదవాలి.

మా పీహెచ్‌సీలో ఇప్పుడు ఆశాలు పుట్టింటికొచ్చిన ఆడపిల్లల పేర్లు విడిగా రాస్తున్నారు. డిశ్చార్జి రోజునే నాకు ఫోన్ వస్తుంది, మూడో రోజు, ఏడో రోజు నేనే మిషన్ పట్టుకుని వెళ్తున్నాను. తలనొప్పి, చూపు మసక అన్న రెండు మాటలు అమ్మమ్మలకు చెప్పకుండా ఏ ఇంటి నుంచీ కదలను. పక్క జిల్లాతో మాత్రం ఇంకా ఫోన్ల మీదే నడుస్తోంది. కంప్యూటర్లో పేరు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారడానికి రోజులు పడుతోంది.

ఆ అమ్మాయికి పుట్టిన పాప అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది. పద్నాలుగో వారం టీకాకి తీసుకొచ్చినప్పుడు కార్డు మీద ఇంకా అత్తింటి ఊరే ఉంది. టీకా వేశాక, ఆమెను కూర్చోబెట్టి పాప పేరు మా రిజిస్టర్లోకి ఎక్కించాను.