ఖాళీ గొట్టంలో మా అమ్మ

ఈ దేశానికి వచ్చిన నాలుగో నెలలో నా వల్ల ఒక తప్పు జరిగింది. పురాతన ఎముకల నుంచి డీఎన్‌ఏ తీసే ల్యాబ్‌లో నా ఉద్యోగం. ప్రతి బ్యాచ్‌లోనూ ఎముక పొడి వెయ్యని గొట్టం ఒకటి పెడతాం. అందులో ఏమీ రాకూడదు, వస్తే బయటి డీఎన్‌ఏ కలిసినట్టే. ఆ వారం వచ్చింది. తల్లి నుంచి మాత్రమే పిల్లలకు అందే మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూస్తే, తల్లి వైపు వంశాల్లో ‘ఎం’ అనే శాఖ. అది దక్షిణాసియాలో చాలామందికి ఉంటుంది, ఐరోపాలో చాలా అరుదు. మా ల్యాబ్‌లో ఆ శాఖ మనిషిని నేనొక్కదాన్నే.

ఎవరూ నన్నొక మాట అనలేదు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒకసారి పొడి చేసిన ఎముక మళ్లీ రాదు. వేల ఏళ్లు నిలిచినదాన్ని నేను వృథా చేశాను.

ఇప్పుడు ఒంటినిండా సూట్, రెండు జతల గ్లోవ్స్, మాస్క్. బల్లలన్నీ బ్లీచ్‌తో తుడుస్తాను. లోపలి చెవిని చుట్టి ఉండే పెట్రస్ ఎముకను డ్రిల్‌తో మెల్లగా పొడి చేస్తాను. వేగం పెంచితే వేడికి డీఎన్‌ఏ పాడవుతుంది. పుర్రెలో అంత గట్టి ఎముక ఇంకోటి లేదు, అందుకే డీఎన్‌ఏ అందులో ఎక్కువగా మిగులుతుంది.

నాకు ఎముకలు చూడటం నేర్పింది మా దగ్గర పనిచేసే ఒక పెద్దావిడ. పొట్టి అస్థిపంజరం కనబడగానే జబ్బు పేరు పెట్టెయ్యొద్దు అంటుంది. తిండి చాలని పిల్లలూ పొట్టిగానే ఉంటారు. రికెట్స్ వస్తే కాళ్లు వంగుతాయి. పుట్టుకతో వచ్చే లోపంలో రెండు వైపులా ఒకే తీరు, ఒంట్లో ఫలానా భాగమే పొట్టి. అకాండ్రోప్లేసియా అనే లోపంలో భుజం నుంచి మోచేయి దాకా ఉండే ఎముక, తొడ ఎముక బాగా కురచ, నుదురు ముందుకు ఉబ్బుతుంది. ముంజేతులు, పిక్కల ఎముకలు, చేతివేళ్లు కురచగా ఉంటే అది వేరే లోపం.

ఇటలీలోని కలాబ్రియాలో రోమీటో గుహ ఉంది. 1963లో అక్కడ ఒకే గోతిలో ఇద్దరు దొరికారు. ఎదిగిన స్త్రీ, ఆమె చేతిలో సుమారు 110 సెంటీమీటర్ల పొడవున్న టీనేజ్ మనిషి. 12,000 ఏళ్ల కంటే పాతవాళ్లు. ఆ చిన్న మనిషి ముంజేతులు మరీ కురచ. 1987లోనే పరిశోధకులు కొలతలు తీసి ఇది ఆ వేరే లోపమే, ఎక్రోమీసోమెలిక్ డిస్‌ప్లేసియా అన్నారు. కాకపోతే మగపిల్లాడనుకున్నారు.

2026లో డీఎన్‌ఏ ఫలితం వచ్చింది. ఇద్దరూ ఆడవాళ్లే. బహుశా తల్లీకూతుళ్లు. పొడవాటి ఎముకల చివర ఉండే మృదులాస్థి పెరగడానికి ఎన్‌పీఆర్2 అనే జీన్ అవసరం. అమ్మాయిలో దాని రెండు కాపీలూ మారిపోయి ఉన్నాయి. పెద్దామెలో ఒక్కటే, ఆమె ఎత్తు సుమారు 145 సెంటీమీటర్లు. ఒక్క కాపీ మారినా మనిషి కాస్త పొట్టి అవుతుందని ఈనాటి కుటుంబాల్లో ముందే తెలుసు, అదే ఇక్కడా కనబడింది.

కూర్చుని తినే కాలం కాదది. వేటకు, దుంపలకు తిరుగుతూ బతికేవాళ్లు. చేతులు సరిగ్గా చాపలేని పిల్ల అంత వయసు దాకా ఉందంటే పక్కన మనుషులు నిలబడి ఉండాలి. ఎముకల నుంచి ప్రేమను రుజువు చేయలేమని తెలిసీ నేనీ మాట నమ్ముతాను.

ఆదివారం అమ్మకు ఫోన్‌లో ఇదంతా చెప్పాను. ఎప్పుడూ “ఆ ఎముకల పొడితో నీకేం పనే” అనే మనిషి, ఈసారి మధ్యలో ఆపలేదు. గుహ ఎలా ఉంటుందో అడిగింది. అక్కడ పెద్ద బండ మీద అడవి ఎద్దు బొమ్మ చెక్కి ఉందన్నాను. పిల్లకు వయసెంతో అడిగింది. వాళ్లిద్దరూ దగ్గరివాళ్లని తేల్చడానికి చెవి ఎముక పొడి ఎలా పనికొచ్చిందో వివరంగా చెప్పాను. ఇన్నేళ్లు ఎవరికీ తెలియలేదమ్మా అన్నాను.

అవతల కాసేపు మాట లేదు.

“ఆ చేతిలో పడుకోబెట్టినవాళ్లకు తెలుసు కదే” అంది.