పూయని తీగను పీకేయబోయాను

రెక్కల చిక్కుడు గింజలు పది, స్నేహితురాలు పొట్లం కట్టి ఇచ్చింది. జూన్‌లో ఐదు గింజలు నేరుగా మట్టిలో వేశాను. మూడు వారాలైనా ఒక్కటీ మొలవలేదు. వేలితో కెలికి చూస్తే వేసినవి వేసినట్టే ఉన్నాయి, గోలీల్లా. పైతోలు గట్టిది, నీళ్లను లోపలికి పోనివ్వదు. మిగిలిన ఐదింటికీ మచ్చ ఉన్న వైపు వదిలేసి, రెండో వైపు నెయిల్ కట్టర్‌తో చిన్న గాటు పెట్టి రాత్రంతా నానబెట్టాను. తెల్లారేసరికి ఉబ్బాయి. వారం తిరగకుండా నాలుగు మొలిచాయి.

మొదటి నెల తీగ కదలనే లేదు. ఆ తర్వాత పందిరంతా కమ్మేసింది. ఎటు చూసినా ఆకులే, పువ్వన్నది లేదు. బలం చాలలేదేమోనని పశువుల ఎరువు వేశాను, పది రోజులాగి మళ్లీ వేశాను. శుద్ధ దండగ. చిక్కుడు జాతి కదా, వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. నేను వేసినదంతా ఆకులకే పోయింది. సెప్టెంబరు మధ్యలో విసుగెత్తి కత్తి పట్టుకుని వెళ్లాను. లేత చివుళ్లు కూరకు పనికొస్తాయని గుర్తొచ్చి, గుప్పెడు తుంచుకుని ఆ పూటకు వెనక్కి వచ్చాను.

తప్పు మొక్కది కాదు. ఈ చిక్కుడులో చాలా రకాలు పగటి పొద్దు తగ్గితే గాని, అంటే సుమారు 12 గంటల లోపుకు వస్తే గాని, పూత పట్టవు. అక్టోబరు రెండో వారంలో ఒక ఉదయం ఆకుల మాటున లేత నీలం పువ్వు కనిపించింది. ఆ తర్వాత కోయలేక అలసిపోయాను.

కాయకు నాలుగు అంచులా అలలు తిరిగిన రెక్కలుంటాయి. అడ్డంగా కోస్తే ప్రతి ముక్కా ఒక నక్షత్రం. విరిస్తే టప్పున విరగాలి, వంగిందంటే పీచు పట్టినట్టే. మొదటిసారి మూతపెట్టి మగ్గించాను. రెక్కలు మెత్తబడి, పచ్చదనం పోయి, ముద్దగా దిగింది. రెండోసారి మూత లేకుండా, పెద్ద మంట మీద, వెల్లుల్లితో నాలుగైదు నిమిషాలు వేయించి, ఉప్పు చివర్లో చల్లాను. పంటికింద కరకరలాడింది. పచ్చి ముక్కలు ఉప్పద్దుకుని తినడం నాకు ఇంకా ఇష్టం, పొయ్యి దాకా సగమే చేరేవి. పూలనూ వేయించి చూశాను. పుట్టగొడుగుల రుచి లీలగా తగిలింది. ముదిరిన గింజల్లో మాంసకృత్తులు మూడో వంతు దాకా ఉంటాయి గాని, నానబెట్టి బాగా ఉడికించకపోతే అరగవు. ఆ ఓపిక నాకు లేదు.

కంటపడకుండా పోయిన కాయ ఒకటి తీగ మీదే ఎండింది. ఒలిస్తే పన్నెండు గింజలు. ఆరు స్నేహితురాలికి పొట్లం కట్టాను, పైన "గాటు పెట్టి నానబెట్టు" అని రాసి.