పతకం అంచున ఉన్న పేరు

నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో పాత సైనిక వస్తువుల కోసం తిరిగేవారికి కత్తులు, తుపాకులు దొరకడం అరుదు. దొరికినా ఆయుధాల చట్టం ఉన్నది కనుక లైసెన్సు లేనివారు వాటి జోలికి పోకూడదు. ఇక్కడ దొరికేవి పతకాలు, టోపీ బిళ్లలు, భుజాన తగిలించుకునే ఇత్తడి అక్షరాలు, గుండీలు, నీళ్ల సీసాలు, ఇనుప ట్రంకు పెట్టెలు, ఆ పెట్టెల అడుగున మడిచి దాచిన డిశ్చార్జి పుస్తకాలు, అంటే సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే సర్వీసు పుస్తకాలు. వీటన్నిటిలో నేను ఎక్కువగా వెతికేది పతకాన్ని. బ్రిటిషు కాలంలో భారత సైన్యపు పతకాల మీద సిపాయి నంబరు, హోదా, పేరు, దళం గుద్ది ఇచ్చేవారు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు సిపాయిలకు నక్షత్రాలు, అంటే ‘స్టార్’ అనే నక్షత్రాకారపు పతకాలు, పేరు లేకుండానే అందాయి. మనవారివి మాత్రం పేరుతో వచ్చాయి. ఆ ఒక్క వరుస ఆధారంగా, ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ మనిషి ఎవరో, ఎక్కడ పనిచేశాడో, ఏ ఊరివాడో కనుక్కునే అవకాశం మనకు ఉన్నది.

మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ నగల కొట్లుండే నెల్లూరు ఆచారి వీధికి వచ్చిందంటే చాలాసార్లు అది తూకానికి వచ్చినట్టే. అది అసలైన వెండి, నూటికి తొంభై రెండున్నర పాళ్లు. ఒక్కొక్కదానిలో ఔన్సు దాకా ఉంటుంది. సుమారు 65 లక్షల పతకాలు వేసినా, 1980 ప్రాంతంలో ప్రపంచమంతటా వెండి ధర ఒక్కసారిగా పెరిగినప్పుడు లెక్కలేనన్ని మూసలలో కరిగిపోయాయి. దాన్ని చేతిలోకి తీసుకుంటే ఒకవైపు ఐదవ జార్జి తల, రెండవ వైపు గుర్రం మీద ఒక దిగంబర పురుషుడు, గుర్రం డెక్కల కింద డాలు, ఎముకలు, పుర్రె, రెండు పక్కల 1914, 1918 అంకెలు కనిపిస్తాయి. కొనేవారు బొమ్మను చూసి మురిసిపోతారు, చూడవలసినది అంచును. పక్కకు వంచి వెలుతురు ఏటవాలుగా పడేటట్టు పట్టుకుంటే సన్నని అక్షరాలు పైకి తేలతాయి. ఇదే పతకాన్ని కూలి దళాలలో పనిచేసినవారికి కంచుతో చేసి ఇచ్చారు. వెండి కాదు కదా అని తూకానికి కొనేవారు దానికి విలువ ఇవ్వరు గానీ, రాళ్లు మోసి, రోడ్లు వేసి, పడవల నుంచి సరుకు దించిన మనుషులకు మిగిలిన గుర్తు అదే. వెండి పతకం కన్నా అది దొరికినప్పుడే నాకు ఎక్కువ సంతోషం.

అంచు మీద దళం పేరు పొట్టి అక్షరాలలో ఉంటుంది. ‘క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎం.’ అని ఉంటే బెంగుళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు సాపర్లు అండ్ మైనర్లు, అంటే వంతెనలు, రోడ్లు వంటివి కట్టే సైనిక ఇంజనీర్లు. ఇప్పటి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అదే. ‘61 పి.ఎన్.ఆర్.ఎస్.’ అని ఉంటే 61వ పయనీర్లు (సైన్యానికి దారులు వేసే సిపాయిలు), 1914 నవంబరులో జర్మను తూర్పు ఆఫ్రికాలోని టాంగా వద్ద దిగి ఓటమిని చూసిన దళాలలో ఒకటి. మద్రాసు పయనీర్లను 1933లో రద్దు చేశారు. అంతకు ముందే, దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారన్న సిద్ధాంతం పట్టుకుని మద్రాసు కాల్బలాన్ని ఒక్కొక్కటిగా తగ్గిస్తూ వచ్చారు. ఆ అభిప్రాయాన్ని గట్టిగా నిలబెట్టిన బ్రిటిషు సేనాని లార్డ్ రాబర్ట్స్ 1880లలో మద్రాసు సైన్యానికే అధిపతిగా ఉన్నవాడు. మన జిల్లాల సిపాయిల పతకాల మీద కాల్బలం కన్నా సాపర్లు, పయనీర్లు, సరఫరా, రవాణా చూసే సర్వీసు కోర్ పేర్లే నాకు ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. వాటిని చూసి ‘యుద్ధం చేయనివాడి పతకం’ అని పక్కన పెట్టే సేకర్తలతో నేను ఏకీభవించను.

ఉదయగిరి దగ్గర ఒక పల్లెలో ఒక కుటుంబం నాకు చూపించిన ఒకే సిపాయి పతకాల వరుసలో నాలుగు ఉన్నాయి: 1939-45 స్టార్, బర్మా స్టార్, వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్. నక్షత్రానికి మందమైన అంచు ఉండదు కనుక పేరు వెనుక వైపు గుద్ది ఉన్నది. బర్మా స్టార్ రిబ్బను నడుమ ఎరుపు, రెండు పక్కల ముదురు నీలం, ఆ నీలంలో నారింజ చార. ఎరుపు వెలిసి ఇటుక రంగుకు దిగింది. వార్ మెడల్ పైభాగాన రిబ్బను దూర్చే కమ్మీ మాత్రం ఒకచోట బాగా అరిగి ఉన్నది. కారణం అడిగితే ఆ సిపాయి మనవడు, ‘మా నాయన పసిబిడ్డగా ఉన్నప్పుడు ఉయ్యాలకు కట్టిండేదంట సార్, చూసి ఆడుకునేదానికి. మా జేజి చెప్పేది’ అన్నాడు. ఆ మాట నేను అప్పటికప్పుడే పుస్తకంలో రాసుకున్నాను. పతకం ఎవరి ఇంట్లో ఉన్నది, ఎవరు ఏమి చెప్పారు, ఏ తేదీన చెప్పారు అన్నవి రాయకుండా కొన్న వస్తువు మీద ఎంత పరిశోధన చేసినా సగమే అవుతుంది. వారు అమ్మరు, నేను అడగను. ఫొటోలు తీసుకోనిచ్చారు, అది చాలు.

మన ప్రాంతం వారిని రికార్డులలో వెతికేటప్పుడు జిల్లా సరిహద్దులు తెలిసి ఉండాలి. ప్రకాశం జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ఇప్పటి పేరు పొందింది. అంతకు ముందు ఒంగోలు గుంటూరు జిల్లాలో, కందుకూరు నెల్లూరులో, మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలులో ఉండేవి. గిద్దలూరు సిపాయిని ప్రకాశం కింద వెతికితే ఎక్కడా దొరకడు. చనిపోయినవారి కోసం కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితా ఇంటర్నెట్టులో ఉచితంగా ఉన్నది. అందులో అదనపు సమాచారం అన్న గడిలో తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసి ఉన్న నమోదులు చాలా ఉన్నాయి. బర్మాలో చనిపోయి సమాధి దొరకనివారి పేర్లు రంగూను దగ్గర తౌక్యాన్ స్మారకం మీద చెక్కారు. అక్కడ ఉన్నవి సుమారు 27,000 పేర్లు. పేరు మాత్రం గుమాస్తా చెవికి తోచినట్టు ఇంగ్లీషులో రాసినది. సుబ్బయ్య నాలుగైదు రకాలుగా కనిపిస్తాడు, ఇంటిపేరు అసలు ఉండదు. అందువల్ల నేను పేరు కన్నా నంబరును నమ్ముతాను, నంబరును దళంతో కలిపి చూస్తాను.

నకిలీల సంగతి పొడిగించను. అసలు పేరును అరగదీసి కొత్త పేరు గుద్దితే అంచు ఆ మేర పలచబడుతుంది, వెర్నియర్ కాలిపర్‌తో నాలుగు దిక్కులా కొలిస్తే తెలిసిపోతుంది. పోత పోసిన నకలు అసలు కన్నా పిసరంత చిన్నదిగా, ముఖం మెత్తబడి, సన్నని గుంటలతో ఉంటుంది. కొత్త నైలాను రిబ్బను, కొత్త దారం అతినీలలోహిత దీపం కింద మెరుస్తాయి. మద్రాసు మనకు దగ్గర కావడం వల్ల 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద పేల్చిన గుండ్ల ముక్కలంటూ కొన్ని అమ్మకానికి వస్తుంటాయి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చూపే కాగితం లేకపోతే అది ఉత్త ఇనుప ముక్కే. పాత పెట్టెలో పేలని తూటా గానీ గుండు గానీ కనబడితే దాన్ని కదపకుండా పోలీసులకు చెప్పాలి. వందేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందకు వస్తుంది కనుక మొదటి యుద్ధపు పతకాలను విదేశాలకు పంపే ఆలోచన ఎవరూ పెట్టుకోకూడదు.

పతకాన్ని చింతపండుతో గానీ బ్రాసోతో గానీ తోమవద్దని అడిగినవారందరికీ చెబుతాను. తోమిన ప్రతిసారీ అంచు మీది అక్షరం కొంత అరుగుతుంది, నల్లబడిన వెండికి మాత్రం ఏ హానీ లేదు. ఒక మనిషి వరుసను విడదీసి విడివిడిగా అమ్మడం అంతకన్నా పెద్ద నష్టం: బర్మా స్టార్ ఒకచోటికి, వార్ మెడల్ మరొకచోటికి పోతే అతని సర్వీసును మళ్లీ కూర్చడం దాదాపు అసాధ్యం. 1965 రక్షా మెడల్, 1971 సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్య రజతోత్సవ పతకం పాత సామాన్ల కొట్లలో కిలోల లెక్కన పడి ఉంటే చవకని ఎవరూ తాకరు. వాటి మీద కూడా పేర్లు ఉన్నాయి, ఆ పేర్లవారిలో చాలామంది పిల్లలు ఇదే జిల్లాలో ఉన్నారు. ముందుగా వెతకవలసినవి అవేనని నేను అనుకుంటాను.

ఉదయగిరి సిపాయి డిశ్చార్జి పుస్తకంలో ట్రేడు వడ్రంగి అని, ఉదయగిరి తాలూకా, నెల్లూరు జిల్లా అని ఉన్నది, వేలిముద్ర కూడా స్పష్టంగానే ఉన్నది. కంపెనీ నంబరు ఉన్న చోట చెద తిన్నది. వారసులు అడిగితే బెంగుళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డ్స్ కార్యాలయం వెతికే వీలుంది కనుక మనవడి చేత దరఖాస్తు రాయించి, పుస్తకం ఫొటోలు, పతకం వెనుక నంబరు ఫొటో జతచేశాము. కంపెనీ నంబరు తెలిస్తే లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆగ్నేయాసియా యుద్ధ దినచర్యల సంపుటాలు, డబ్ల్యూ.ఓ. 172 వరుస, ఉన్నాయి. ఆ కంపెనీ ఏ నెలలో ఏ నది మీద వంతెన కట్టిందో అందులో చూడాలి.