ఎయిట్ బాల్‌కి ఏడో వెలుగు

నిన్న రాత్రి మా బేస్‌మెంట్‌లో 1977 నాటి బల్లీ ‘ఎయిట్ బాల్’ పిన్‌బాల్ మెషీన్ (ఉక్కు గోళీని కింద పడకుండా కొడుతూ ఆడే ఆట) ప్రాణం పోసుకుంది. ఓ రిపేరు షాపు మీద కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మేముండేది షికాగో పక్కన నేపర్‌విల్‌లో. గాట్లీబ్, బల్లీ, విలియమ్స్ అనే పిన్‌బాల్ తయారీదారులు మూడూ షికాగో కంపెనీలే. లోకమంతటికీ మెషీన్లు పంపిన ఆ షికాగోలోనే 1970ల దాకా పిన్‌బాల్‌పై నిషేధం ఉండేదంటే నవ్వొస్తుంది.

ఎయిట్ బాల్ 20,000కు పైగా తయారైంది కాబట్టి దొరకడం కష్టం కాలేదు. మోసిపెట్టిన స్నేహితులకి బిర్యానీ ఖర్చు. రబ్బరు రింగులు, బల్బులు మార్చడం వారాంతం పని.

అసలు గొడవంతా ప్రాసెసర్ బోర్డుతోనే. దాని మీద చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. స్విచ్ వేయగానే ఓసారి మిణుక్కుమని, తర్వాత ఒక్కో పరీక్ష నెగ్గినప్పుడల్లా ఓసారి వెలుగుతుంది. ఏడు వెలుగులొస్తే ఆట మొదలు. నాది వెలిగి అలాగే ఉండిపోయింది. స్కోర్లు గుర్తుంచుకోడానికి పెట్టిన నికెల్ కాడ్మియం బ్యాటరీ కారిపోయి, పక్కనున్న రీసెట్ సర్క్యూట్‌ని (స్విచ్ వేయగానే ప్రాసెసర్‌ని సరిగ్గా మొదలుపెట్టించేది) తినేసింది. వెనిగర్‌తో చిలుము కడిగి, నీళ్లతో, ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, పాడైన ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, కనెక్టరు పిన్నులు మార్చాను. కాకినాడ కాలేజీ ల్యాబులో నా సాల్డరింగ్‌కి వంక పెట్టినవాడు లేడు మరి. ఆరు వెలుగులొచ్చాయి. ఏడోది రాలేదు.

కంపెనీని అడుగుదామంటే కంపెనీ ఏది? బల్లీ పిన్‌బాల్‌ని 1988లో విలియమ్స్ కొనేసింది. ఆ విలియమ్స్ 1999లో పిన్‌బాలే మానేసింది. గత్యంతరం లేక బోర్డు ఊడదీసి ఓ రిపేరు షాపుకి పట్టుకెళ్లా. కౌంటర్‌లో ఉన్న పెద్దమనిషి నా అతుకులు చూసి, “సాఫ్ట్‌వేరా?” అని పక్కవాళ్లకి వినబడేలా నవ్వాడు. వాళ్లూ నవ్వారు. చెవులు కాలిపోయాయి నాకు. బోర్డుని బల్ల మీద పవర్ సప్లైకి తగిలించాడు. ఆరు వెలిగాయి. “చచ్చిపోయింది, కొత్తది కొనుక్కో” అంటూ పరీక్ష ఫీజు పుచ్చుకున్నాడు. ఆపైన, “పాతది ఇక్కడే వదిలెయ్, నేను పారేస్తాలే” అన్నాడు. పారేసే సరుకు మీద అంత ప్రేమ ఎందుకు? బోర్డు చంకలో పెట్టుకుని వచ్చేశా.

ఇంటికొచ్చి బల్లీ వాళ్ల పాత సర్క్యూట్ చిత్రం ముందేసుకున్నా. ఏడో వెలుగు, ఫ్లిప్పర్లని (గోళీని కొట్టే రెక్కల్ని) కొట్టించే కాయిల్స్‌కి వెళ్లే 43 వోల్టులు అందుతున్నాయో లేదో చూసే పరీక్ష. షాపు బల్ల మీద ఆ 43 వోల్టులు ఎక్కణ్ణుంచి వస్తాయి? అక్కడ పెడితే నిక్షేపంలాంటి బోర్డుకీ ఆరే! ఆ మాట అతనికి తెలియకపోతే షాపు మూసుకోవాలి. తెలిసే అన్నాడంటే అది మోసం.

చివరికి దోషం, ఏసీ కరెంటుని డీసీగా మార్చే రెక్టిఫయర్ బోర్డు మీద దొరికింది. ఫ్యూజు బాగానే ఉంది, దాన్ని పట్టుకునే క్లిప్పే వదులై అంటీ అంటనట్టుంది. చిల్లర ఖరీదు చేసే ముక్క! మార్చగానే ఏడోది వెలిగింది. మా ఆవిడ నిద్రలేచి వచ్చి తిట్టేదాకా ఆడుతూనే ఉన్నా.

మీరెవరైనా ఇలాంటిది కొంటే ముందు ఆ బ్యాటరీ కత్తిరించేయండి. అది లేకపోయినా ఆట ఆగదు, హైస్కోర్ల లాంటివే గుర్తుండవు. డిస్‌ప్లేలకి 170 వోల్టుల పైమాటే వెళ్తుంది, ప్లగ్ పీకకుండా చెయ్యి పెట్టొద్దు. బోర్డు ఒక్కటే పట్టుకుని షాపులకి మాత్రం వెళ్లకండి.

నాలుగో ఆటగాడి డిస్‌ప్లేలో ఓ అంకె ఇంకా సగమే కనిపిస్తోంది. అదీ నేనే చూసుకుంటా.